కుంచె రాత, కెమెరా: చైనా కాన్సెప్చువల్ ఆర్ట్
(పోటీ పరీక్షల ప్రత్యేకం, కొత్తవలస)

కాన్సెప్చువల్ ఆర్ట్: వస్తువు కన్నా ఆలోచనకు పెద్దపీట వేసే కళ. చైనా కాలిగ్రఫీకి (కుంచె రాతకు) యునెస్కో గుర్తింపు 2009లో.

జాంగ్ హువాన్ (జననం 1965, హెనాన్): ‘ఫ్యామిలీ ట్రీ’, 2000, న్యూయార్క్, 9 ఫొటోలు. ముగ్గురు లేఖకులు పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆయన ముఖంపై సిరాతో రాశారు. నుదుటిపై, కొండను కదిలించిన వృద్ధుడి కథ పేరు. తొలి ఫొటోలో అక్షరాలు విడివిడిగా కనిపిస్తాయి. చివరికొచ్చేసరికి ముఖమంతా నల్లబడి మనిషి ఆనవాలే దొరకదు. ఈ కోవలో మేటి కళాకృతి ఇదే, తప్పక గుర్తుంచుకోండి.

చియు జిజియే: కాలిగ్రఫీ కళాకారుడు వాంగ్ షీజీ ‘లాంటింగ్ ముందుమాట’ (క్రీ.శ. 353)ను ఒకే కాగితంపై 1000 సార్లు రాశారు, 1990–95.

సాంగ్ డాంగ్: 1996, లాసా నది, 36 ఫొటోలు. ‘నీరు’ అక్షరం చెక్కిన ముద్రతో నదిపై అచ్చు వేశారు.

పరీక్షలో వీటిపై ‘జతపరచండి’ ప్రశ్న రావచ్చు. మరో చైనా కళాకారుడు షూ బింగ్ ‘బుక్ ఫ్రమ్ ద స్కై’ ఫొటో కాదు, చెక్క అచ్చు.