మెదడులోని తూము కావలివారు

కోయంబత్తూరున నొయ్యల్ నీటితో నిండు చెరువుల క్రిందను, మధుర ప్రాంతమున వైగై కాలువల క్రిందను తరతరములుగా సేద్యము చేసిన కుటుంబములు మనలో అనేకము కలవు. తూము ఎత్తుట యెంత ముఖ్యమో, కాలువ నిండినప్పుడు దించుటయు నంతే ముఖ్యమని వారికి వేరుగా చెప్పనక్కరలేదు. మన మెదడులోను ఇట్టి యేర్పాటు ఒకటి కలదు.

మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు ఉన్నవి. ఒక కణమునకును మరియొక కణమునకును నడుమ మిక్కిలి సన్నని సందు ఉండును. వార్త పంపు కణము సిరొటోనిన్, డోపమిన్, నోరెడ్రినలిన్ వంటి రసాయనమును ఆ సందులోనికి విడుచును. ఆవలి కణముపైనున్న గ్రాహకములు దానిని అందుకొనును. అయితే విడిచిన కణముపైనను కొన్ని గ్రాహకములు కలవు. అవి తమ కణము విడిచిన రసాయనమునే పసిగట్టి, అది మిక్కుటమైనచో ‘ఇక చాలు’ అని తూము దించును. వీనికే స్వయంగ్రాహకములు, అనగా ఆటోరిసెప్టర్లు అని పేరు. 1970వ దశాబ్దమున ఈ విషయము ప్రయోగములచే స్థిరపడెను. ఇందు కృషిచేసిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్, డోపమిన్ పరిశోధనలకుగాను 2000లో మరి యిద్దరితో కలిసి నోబెల్ బహుమతి పొందెను.

ఈ జ్ఞానము మన గృహములకు ఏల కావలెను? మానసికమైన క్రుంగుబాటునకు వైద్యులిచ్చు ఫ్లూఆక్సెటిన్ వంటి మందులు, సందులోని సిరొటోనిన్‌ను తిరిగి కణములోనికి పోనీయక నిలుపును. మొదటి దినములలో స్వయంగ్రాహకములు ఈ పెరుగుదలను కనిపెట్టి విడుదలను తగ్గించివేయును. కొన్ని వారములకు అవి అలవాటుపడి పట్టు సడలించును. అప్పుడు ప్రవాహము హెచ్చును. మందు గుణము కనబడుటకు వారములు పట్టుటకు శాస్త్రజ్ఞులు చెప్పు కారణములలో ఇది ముఖ్యమైనది. ‘పది దినములు మ్రింగినను లాభము లేదు’ అని మాత్రలు పారవేయువారు, నీరు పొలము చేరకమునుపే మడవ మూయు రైతువంటివారు.

రక్తపోటునకిచ్చు క్లోనిడిన్ మార్గము వేరు. అది నోరెడ్రినలిన్ గ్రాహకములను తానే తాకి, రసాయనము చాలినంత కలదని వానిని భ్రమింపజేయును. విడుదల తగ్గి రక్తపోటు దిగును. దానిని హఠాత్తుగా మానినచో అణగియున్న ప్రవాహము పొంగి, రక్తపోటు ప్రమాదకరముగా పెరుగవచ్చును.

2001 ఆగస్టు 6న రామనాథపురము జిల్లా ఏర్వాడిలో 28 మంది మనోరోగులు అగ్నికి ఆహుతియైరి. గొలుసులతో కట్టబడినవారు తప్పించుకొనలేకపోయిరి. మనోరోగము శాపము కాదు, చికిత్సకు లొంగు వ్యాధి. కావున తల్లిదండ్రులారా, ఇంటిలో ఎవరికైన ఇట్టి మందు ఇచ్చినచో వైద్యుని అడుగక ఆపకుడు, హెచ్చింపకుడు. తొలి వారములలో, విశేషించి పిల్లలయందు, అలజడి పెరిగినచో వెంటనే వైద్యునికి తెలుపుడు. ఓర్పును, మెలకువయు రెండును కావలెను.