బ్లాకు జాగ్రత్తమ్మా

మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల ఆడవాళ్లు రొమ్ములో గడ్డ మాట ఎత్తితే గొంతు తగ్గించేస్తారు. పాథాలజీ ల్యాబులో పనిచేసి రిటైరైనదాన్ని కనుక రిపోర్టు మాత్రం కొంగుచాటున నా దగ్గరికి తెస్తారు. వాళ్లకి చెప్పేవి ఇవి.

1. రిపోర్టులో మూడు పేర్లు వెతకండి: ఈఆర్, పీఆర్, హెర్2. మొదటి రెండూ హార్మోన్ల సంగతి. మూడోది కణం పైపొర మీద ఉండే గ్రాహకం. 'పెరుగు' అన్న కబురు దాని గుండా లోపలికి వెళ్తుంది. మామూలు కణంలో ఆ గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు ప్రతులు రెండే. కొన్ని గడ్డల్లో అవి ఎన్నోరెట్లు పెరిగి, పొర నిండా గ్రాహకాలు మొలుస్తాయి. ఇక కబురు ఆగదు, కణమూ ఆగదు. నూటికి 15 నుంచి 20 రొమ్ము క్యాన్సర్లు ఈ రకం. ఇవి మొండి గడ్డలని 1987లో డెనిస్ స్లామన్ బృందం చూపించింది. ఆ గ్రాహకాన్నే పట్టుకునే మందు ట్రాస్టుజుమాబ్‌కు 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం ఇచ్చిన మెథోట్రెక్సేట్ కూడా రొమ్ము క్యాన్సర్‌లో ఏళ్లకేళ్లు పనిచేసింది. కానీ అది చకచకా విభజన చెందే కణాలన్నిటినీ కొడుతుంది. ట్రాస్టుజుమాబ్ ముందు హెర్2 గుర్తు చూసుకుంటుంది.

2. ఆ గుర్తు ఉందో లేదో తేల్చేది గడ్డ ముక్క. తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి, 6 నుంచి 72 గంటలు అందులో ఉండాలి. ఉప్పునీళ్లలో వేసి ఆలస్యంగా పంపిన ముక్కలు మా బల్ల మీదికి వచ్చినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోయేది. అలాంటి ముక్కకి గ్రాహకాలను చూపే రంగు నమ్మకంగా పట్టదు, ఆ తప్పుడు ఫలితం మీదే ఆమె వైద్యమంతా నడుస్తుంది. ముక్కని పారాఫిన్ మైనంలో పోసిన దిమ్మే బ్లాకు. ఇంకో డాక్టర్ని కలవాలంటే బ్లాకులు, స్లైడ్లు అడిగి తీసుకోండి. ఇది మీ హక్కు.

3. రిపోర్టులో హెర్2 పక్కన 3+ అంటే ఉన్నట్టు. 2+ అంటే ఇంకా తేలనట్టు. అప్పుడు ఆ జన్యువు ప్రతులు లెక్కించే ఫిష్ పరీక్ష చేయించాలి. ఖర్చని ఇక్కడే ఆగిపోతారు చాలామంది. దయచేసి ఆగకండి. 1+ కాగితాన్నీ పారేయొద్దు. వ్యాధి ఇతర అవయవాలకు పాకినవాళ్లలో, ఇంత తక్కువ ఉన్నా ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే మరో మందు మేలు చేస్తుందని 2022లో తేలింది.

4. మొదటి దశల్లో ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ సాధారణంగా మూడు వారాలకోసారి, ఏడాది పాటు. గుండె బలహీనపడే ప్రమాదం కొంత ఉంది కనుక మొదలుపెట్టే ముందు, తర్వాత మూడు నెలలకోసారి ఎకో తీయించుకోవాలి. మెట్లెక్కితే ఆయాసం, పాదాల వాపు కనిపిస్తే వెంటనే చెప్పండి. వయసు మీద తోసేయకండి.

5. డబ్బు. బయోకాన్ 2014లో మన దేశంలోనే ట్రాస్టుజుమాబ్ బయోసిమిలర్ (దాదాపు అలాంటిదే అయిన మందు) తెచ్చాక ధరలు దిగడం మొదలైంది. ఆరోగ్యశ్రీలో మీకు ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని అడగండి. రైల్వే వాళ్లయితే లాలాగూడ సెంట్రల్ ఆసుపత్రిలో ముందే విచారించండి. రెడ్‌హిల్స్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లేవాళ్లు మెట్టుగూడలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి లక్డీకాపూల్‌లో దిగొచ్చు. కీమో అయిన ఒంటికి బస్సు కుదుపులు తప్పుతాయి.

6. జబ్బు తిరగబెడితే కొత్త చోట మళ్లీ ముక్క తీసి, మూడు పరీక్షలూ మళ్లీ చేయమనండి. ఈఆర్, హెర్2 మధ్యలో మారిపోవడం ఉంది. పాత బ్లాకు వెంట ఉంటే రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు.