నీట మునిగిన విద్యుత్ కారు – మరమ్మతులోని చిక్కులు

2022 సెప్టెంబరు 28న అమెరికాలోని ఫ్లోరిడా తీరాన్ని ఇయన్ తుఫాను తాకినది. ఉప్పునీట మునిగిన విద్యుత్ కార్లు కొన్ని, వరద తీసిన పిమ్మట రోజులకు, వారాలకు కూడా అంటుకొన్నవి. కారణమేమి? నీరు పోయినా ఉప్పు మిగులును. తేమ తగిలిన ఉప్పు ఘటాల నడుమ విద్యుత్తుకు దొంగదారి వేయును. వేడి పుట్టి మంట లేచును.

2010లో వెలువడిన నిస్సాన్ లీఫ్ కారునే తీసుకొందము. దాని బ్యాటరీలో 192 లిథియం ఘటాలు. రెండేసి జతలుగా 96 జతలు శ్రేణిలో ఉండును. మొత్తం వోల్టేజి సుమారు 360. మరమ్మతుకు ముందు రక్షణ ప్లగ్గు లాగినచో వలయము తెగునే గాని, ఘటాలలోని శక్తి తరగదు. శ్రేణిలో ఒక్క జత బలహీనమైనా తక్కినవన్నీ దాని హద్దులోనే పనిచేయవలెను.

కనుక విద్యార్థులారా, చవక ధరకు భ్రమపడరాదు. ప్రతి జత వోల్టేజిని, బ్యాటరీకీ చట్రానికీ మధ్య నిరోధాన్ని శిక్షణ పొందినవారు కొలిచిన పిమ్మటనే అట్టి కారును ముట్టవలెను.