వీడియో ఎవరిది?

మార్కాపురం పలకలు అందరికీ తెలుసు. పలక మీద రాసింది తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. వీడియో అలా కాదు. ఒకసారి ఇంటర్నెట్‌లో పెడితే ఎక్కడెక్కడికో పోతుంది. ఇక అది తీసినవాళ్ల చేతిలో ఉండదు అనిపిస్తుంది. నిజంగానే ఉండదా?

గిద్దలూరు దగ్గర ఒక పల్లె అనుకుందాం. అక్కడ ఒకావిడ జొన్నరొట్టె చేస్తుంటే కూతురు సెల్‌ఫోన్‌లో వీడియో తీసింది. యూట్యూబ్‌లో పెట్టింది. చాలామంది చూశారు. ఒకరోజు పక్కింటి ఆమె ఫోన్ పట్టుకుని వచ్చింది.

"అక్కా, నీ రొట్టె వేరే సైటులో కూడా వస్తా ఉందే! కింద ఎవరిదో పేరుంది" అంది.

చూస్తే పొయ్యి ఈమెదే. పెనం ఈమెదే. చేతి గాజులూ ఈమెవే. పేరు మాత్రం ఇంకెవరిదో.

ఇలాంటి సైట్లు చాలా ఉన్నాయి. సొంతంగా ఏమీ తీయవు. నలుగురి వీడియోలూ ఏరి ఒకచోట పెడతాయి. పక్కన ప్రకటనలు వేసుకుంటాయి. వీటిని అగ్రిగేటర్లు అంటారు. నోరు తిరగని మాట. 'ఏరి పెట్టేవాళ్లు' అనుకుంటే చాలు.

ఏరి పెట్టడంలో రెండు రకాలున్నాయి. మొదటిది కిటికీ లాంటిది. వీడియో వాళ్ల పేజీలో కనబడుతుంది. కానీ ఆడేది యూట్యూబ్ నుంచే. ఎంతమంది చూశారన్న లెక్క మామూలుగా ఆమె ఛానల్‌కే చేరుతుంది. దీన్ని ఎంబెడ్ అంటారు. యూట్యూబ్‌లో వీడియో పెట్టారంటే దీనికి ఒప్పుకున్నట్టే. వద్దనుకుంటే వీడియో సెట్టింగుల్లో 'ఎంబెడింగ్' అన్నచోట టిక్కు తీసేయాలి. కిటికీ మూసుకుంటుంది. అక్కడే లైసెన్స్ అని ఇంకో మాట ఉంటుంది. అందులో 'క్రియేటివ్ కామన్స్' అన్నది నొక్కితే, తన పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చని ఆమే ఒప్పుకున్నట్టు. చదవకుండా నొక్కకూడదు.

రెండోది దొంగతనమే. వీడియోను దించుకుని, తమదిగా మళ్లీ ఎక్కించుకుంటారు. చూసినవాళ్ల లెక్కంతా వాళ్లకు పోతుంది. ఇది చిన్న నష్టం కాదు. మామూలు వీడియోలకు ప్రకటనల డబ్బులో వాటా రావాలంటే ఛానల్‌కు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. ఏడాదిలో జనం మొత్తం 4,000 గంటలు చూసి ఉండాలి. ఆ గంటలు పక్కవాడి సంచిలో పడితే ఆమెకు పైసా వచ్చేదెప్పుడు?

చట్టం ఏమంటుంది? 1957 నాటి కాపీరైట్ చట్టం ఉంది. దాని ప్రకారం వీడియో కూడా సినిమా కిందికే వస్తుంది. తీసిన రోజే హక్కు పుడుతుంది. ఏ ఆఫీసులోనూ రిజిస్టర్ చేయించనక్కర్లేదు. విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. తెలిసి తెలిసి కాజేసినవారికి 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. వార్త చెప్పడానికో, బాగోగులు మాట్లాడడానికో చిన్న ముక్క చూపిస్తే మాత్రం తప్పు పట్టరు.

ఇంకో మాట. జొన్నరొట్టె ఎవరి సొత్తూ కాదు. కంభంలో ఇంకొకావిడ తన రొట్టె తాను చేసి వీడియో తీసుకుంటే దొంగతనం కాదు. కోలాటం పాటా అంతే. తరాల నాటి పాట అందరిదీ. దాన్ని పాడి తీసిన వీడియో మాత్రం తీసినవారిది. అలాగే ఈమె తన వీడియో వెనకాల సినిమా పాట పెడితే, ఆ పాట హక్కుదారు ఈమెను అడుగుతాడు.

ఇక అసలు చిక్కు. ఇంట్లో వీడియో ఎవరిది? వంట చేసింది తల్లి. ఫోన్ పట్టింది కూతురు. ఛానల్ తెరిచింది అల్లుడి మెయిలు మీద. చట్టం ప్రకారం, పూనుకుని బాధ్యత తీసుకుని తీయించినవారే నిర్మాత. మొదటి హక్కు వారిదే. పాడినవారికి, ఆడినవారికి వేరే హక్కు ఉంది. గుంటూరు జిల్లా మస్తానమ్మ గారి వంటలు చాలామంది చూసే ఉంటారు. 'కంట్రీ ఫుడ్స్' అనే ఛానల్‌లో వచ్చేవి. 2018 డిసెంబరులో ఆమె పోయేనాటికి వయసు 107 ఏళ్లని చెప్పేవారు. వంట ఆమెది. వీడియోలు తీసింది ఆమె మునిమనవడు, అతని స్నేహితుడు. ఇలా కలిసి చేసే పనిలో ఎవరి పాలు ఎంతో ముందే కాగితం మీద రాసుకోవడం మంచిది, సొంతవాళ్లే అయినా సరే. పొలంలో ఆడమనిషి ఎంత చాకిరీ చేసినా పట్టా ఎవరి పేరున ఉందో దాన్నే చూస్తారు. ఛానల్ మెయిలు, పాస్‌వర్డు కూడా పట్టా లాంటివే. అవి ఎవరి చేతిలో ఉన్నాయో చూసుకోవాలి.

దొంగ కాపీ యూట్యూబ్‌లోనే ఉంటే, తీసేయమని అడిగే ఫారం అక్కడే ఉంది. ఖర్చు లేదు. అబద్ధపు ఫిర్యాదు చేస్తే మాత్రం చేసినవారి ఛానల్‌కే ముప్పు. కాపీ వేరే సైటులో ఉంటే, ఆ సైటు వారికి రాయాలి. ఎవరో ఎక్కించిన వీడియోను చూపే సైటు అయితే, 2013 కాపీరైట్ నిబంధనల ప్రకారం 36 గంటల్లో దాన్ని ఆపాలి. 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ చూపించుకోవచ్చు.

కోర్టు అనగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. కానీ సైటు బొంబాయిలో ఉన్నా, కేసు ఆమె ఉన్న జిల్లా కోర్టులోనే వేయవచ్చు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం, ఆడవారికి ఆదాయం ఎంతున్నా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100కు ఫోన్ చేసి అడగవచ్చు. సైటు విదేశాలది అయితే మాత్రం పని అంత తేలిక కాదు.

ఫోన్ నిండిపోయిందని అసలు వీడియోను తుడిచేయకండి. అదే సాక్ష్యం. ఫిర్యాదు ఇలా రాయవచ్చు:

"ఈ జొన్నరొట్టె వీడియో నాది. ఫలానా తేదీన మా ఇంట్లో తీశాము. నా వీడియో లింకు ఇది. మీ సైటులో ఉన్న కాపీ లింకు ఇది. నా అనుమతి తీసుకోలేదు. దీన్ని తీసేయండి. 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తెస్తాను."

యూట్యూబ్ ఫారంలో ఈ చివరి మాట అక్కర్లేదు. అక్కడ సంతకానికి ఒక గడి ఉంటుంది. అందులో వేలిముద్ర వేయడానికి వీలు లేదు. కాగితాల్లో ఉన్న పూర్తి పేరును అక్షరం అక్షరం కొట్టాలి.