కోరంగి నుంచి రంగూన్‌కు

కోనసీమకు ఉత్తరాన, గౌతమి దాటితే కోరంగి. ఓడల తయారీకి పేరుపడ్డ ఈ రేవును 1839 నవంబరు ఉప్పెన ముంచేసింది. బర్మా వెళ్లిన తెలుగు కూలీలను అక్కడ ఈ రేవు పేరుతోనే 'కోరంగీలు' అన్నారు. మారిషస్‌లోనూ అదే పిలుపు.

1930 మేలో బర్మాలోని రంగూన్‌లో అల్లర్లు జరిగాయి. కూలి పెంచమని సమ్మెకు దిగిన తెలుగు రేవు కార్మికుల స్థానంలో బర్మీయులను పెట్టారు. సమ్మె ముగిసి పాతవారు తిరిగి పనిలోకి రాగానే ఘర్షణ చెలరేగింది. ఎందరో తెలుగువారు ప్రాణాలు కోల్పోయారు. పొట్టకూటికి సముద్రం దాటిన వీరికి మన పాఠ్యపుస్తకాల్లో తగిన చోటు దక్కాలి.

1942లో జపాన్ దాడితో లక్షలాది భారతీయులు బర్మా వదిలారు, చాలామంది కాలినడకనే. 1962లో నే విన్ సైనిక పాలన వచ్చాక మరో విడత. విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంపు ఆ కాందిశీకుల కాలనీయే.