దిల్‌సుఖ్‌నగర్ వీధి కుక్కల మీద ఒక డిగ్రీ ప్రాజెక్టు

మీ వీధి కుక్కలు ఎలాంటివని ఎవరినడిగినా ఒకటే జవాబు వస్తుంది. రాత్రంతా మొరుగుతాయి, బండి కనబడితే వెంటపడతాయి. ఇందులో అబద్ధం లేదు. కాకపోతే చెప్పేవాళ్లు కుక్కను గమనించింది అది మొరిగినప్పుడూ వెంటపడినప్పుడూ మాత్రమే. మిగతా వేళల్లో పార్క్ చేసిన కారు కింద అది ఏం చేస్తోందో ఎవరికీ పట్టదు. జంతు ప్రవర్తన చదవాలనుకునే కుర్రాడైనా అమ్మాయైనా మొట్టమొదట పట్టించుకోవాల్సింది ఆ వేళలనే. కోల్‌కతా ఐసర్‌లో అనిందిత భద్ర బృందం మన దేశపు వీధి కుక్కల దినచర్యను లెక్కగట్టి 2014లో ‘కరెంట్ సైన్స్’లో ప్రచురించింది. అవి చాలావరకు బద్ధకంగా పడి ఉంటాయనీ, మనుషులతో స్నేహంగానే మెలుగుతాయనీ అందులో తేలింది. ఎప్పుడు చూడాలో ముందే నిర్ణయించుకుని, ఆ ప్రకారమే చూశారు కాబట్టి వాళ్లు ఆ మాట అనగలిగారు.

ఇక చదువు సంగతి. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీలో ‘యానిమల్ బిహేవియర్’ పేరుతోనే బీఎస్సీ ఉంది. మనకు దారి బైపీసీ, ఆ తర్వాత తెలంగాణ డిగ్రీ ప్రవేశాల పోర్టల్ దోస్త్‌లో జువాలజీ ఉన్న బీఎస్సీ కాంబినేషన్. ఉస్మానియా బీఎస్సీ జువాలజీలో జంతు ప్రవర్తనను శరీరధర్మశాస్త్రంతో కలిపి ఒక పేపర్‌లో పెట్టారు. సహజాతం, అలవాటు పడటం, పావ్‌లోవ్ కుక్క, లోరెంజ్ వెంట నడిచిన బాతుపిల్లలు, తేనెటీగల నాట్యం... నాలుగు రోజులు బట్టీపడితే ఇంటర్నల్స్ గట్టెక్కుతాయి. చిక్కంతా అక్కడే ఉంది. ఈ విషయం కంఠస్థం చేస్తే వచ్చేది కాదు. 2014లో యూజీసీ జువాలజీ కోర్సుల్లో డిసెక్షన్లు ఆపేయమన్నాక ప్రాక్టికల్ గంటలకు ఖాళీ దొరికింది. ఆ ఖాళీని చార్టులతోనూ మోడళ్లతోనూ నింపడం కంటే పిల్లలను ఎగ్జామ్ ప్యాడ్ ఇచ్చి వీధిలోకి పంపడం మేలని నా అభిప్రాయం.

పరికరాలు లేవనే సాకు చెల్లదు. పిఠాపురంలో పుట్టిన కృష్ణ ద్రోణంరాజు 1957లో కలకత్తా వెళ్లి జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర చేరారు. లాంటానా పొదల్లో ఏ రంగు పూల మీద ఏ సీతాకోకచిలుక వాలుతోందో చూసి రాసుకున్నారు. ఒక్కో జాతి ఒక్కో రంగు వైపు మొగ్గుతుందన్న ఆ పరిశీలన 1960లో ‘నేచర్’లో అచ్చయింది. ఖరీదైన యంత్రాలు అక్కర్లేని పరిశోధన అంటే హాల్డేన్‌కు మహా ఇష్టం. ఎల్‌బీనగర్ దాటి వనస్థలిపురం వైపు వెళ్తే ఖాళీ ప్లాట్లలో అవే పొదలు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఇక కుక్కల ప్రాజెక్టు. మొదటి వారం ఏమీ లెక్కపెట్టకండి. దిల్‌సుఖ్‌నగర్ టిఫిన్ బండ్లున్న వీధి ఒకటి, పీ అండ్ టీ కాలనీలాంటి ఇళ్ల మధ్య గల్లీ ఒకటి ఎంచుకుని ఊరికే చూడండి. కుక్కలను ఆనవాలు పట్టడం కూడా ఈ వారంలోనే అయిపోవాలి. ఒక్కోదాని కుడి పక్క ఫొటో ఒకటి, ఎడమ పక్క ఫొటో ఒకటి. మచ్చలు, తోక వంపు, చెవి. చెవి అంచు కోసి ఉంటే దానికి స్టెరిలైజేషన్ అయిందని గుర్తు, అది తప్పకుండా రాసుకోవాలి. పేర్లు పెడితే పెట్టండి గానీ ‘రౌడీ’ అని మాత్రం పెట్టకండి. ఆ పేరు పెట్టిన కుక్క ఏం చేసినా మీ కంటికి రౌడీతనంగానే కనిపిస్తుంది.

తర్వాత ఎథోగ్రామ్ తయారు చేయాలి. అంటే ఆ జంతువు చేసే పనుల పట్టీ, ఒక్కోదానికీ నిర్వచనంతో సహా. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ‘కోపంగా ఉంది’ అని రాస్తే పనికిరాదు, కోపం మీ ఊహ. ‘పెదవి పైకెత్తి పళ్లు చూపించింది’ అనేది కంటికి కనిపించే సంగతి. ‘పడుకోవడం’ అన్న చిన్న మాటకు కూడా హద్దు గీయాలి. పొట్ట గానీ పక్క గానీ నేలకు ఆని ఉండాలి. తల కింద ఉంటే ఒక గడి, తల ఎత్తి ఉంటే ఇంకో గడి. కళ్లు మూసుకుందో లేదో రోడ్డు అవతలి నుంచి కనిపించదు కాబట్టి ‘నిద్ర’ అనే గడే పెట్టుకోకూడదు. కుక్క కారు చాటుకు వెళ్లిపోతే? దానికీ ఒక గడి ఉండాలి: ‘కనబడలేదు’. ఆ గడి లేకపోతే, కనబడని కుక్క మీ లెక్కలో లేని కుక్క అయిపోతుంది. చివరకు వీధిలో తిరిగేవే మిగిలి, కుక్కలన్నీ తెగ తిరుగుతున్నట్టు ఫలితం వస్తుంది.

పట్టీ కుదిరాక ప్రశ్న ఎంచుకోవాలి. ‘వీధి కుక్కల ప్రవర్తనపై అధ్యయనం’ అన్నది అట్ట మీద రాసే శీర్షిక, ప్రశ్న కాదు. ‘టిఫిన్ బండ్లున్న వీధిలోని కుక్కలు ఉదయం వేళ కాలనీ కుక్కలకంటే ఎక్కువసేపు తిరుగుతూ ఉంటాయా?’ అన్నది ప్రశ్న. అవునా కాదా అని జవాబు రావాలి. కాదు అని వచ్చినా ప్రాజెక్టు నిలబడాలి.

ఇప్పుడు అసలు ఘట్టం, ఎప్పుడు చూడాలి, ఎవరిని చూడాలి. ఈ విషయంలో జీన్ ఆల్ట్‌మన్ 1974లో ‘బిహేవియర్’ పత్రికలో రాసిన వ్యాసానికి సాటి వచ్చేది లేదు. ఆమె పనిచేసింది బబూన్‌ల మీద. పద్ధతులు మాత్రం చీమకైనా ఏనుగుకైనా వర్తిస్తాయి. ఆసక్తిగా అనిపించినప్పుడల్లా రాసుకోవడం ఒక పద్ధతి. మన వీధివాళ్ల అభిప్రాయాలు ఏర్పడింది అలాగే. రెండోది స్కాన్: ఫోన్‌లో పది నిమిషాలకోసారి అలారం పెట్టుకోవాలి. మోగగానే వీధి ఈ చివర నుంచి ఆ చివరకు చూపు నడిపి, ఒక్కో కుక్క ఆ క్షణంలో ఏం చేస్తోందో గడిలో టిక్ పెట్టాలి. అలారానికి అర నిమిషం ముందు రెండు కుక్కలు కలబడి విడిపోయినా సరే, టిక్ పెట్టకూడదు. చేతులు పీకుతాయి, ఓర్చుకోవాలి. మూడోది ఫోకల్: చీటీ తీసి ఒక కుక్కను ఎంచుకుని, పది నిమిషాల పాటు దాన్ని మాత్రమే వెంటాడి, చేసిన ప్రతి పనినీ సమయంతో సహా రాయడం.

పైన అడిగిన ప్రశ్నకు స్కాన్ సరిపోతుంది. కానీ స్కాన్‌కు ఒక లోపం ఉంది, అది తెలియకపోతే ప్రమాదం. 2023 ఫిబ్రవరిలో ఇక్కడికి దగ్గర్లోనే అంబర్‌పేటలో కుక్కల దాడిలో నాలుగేళ్ల పిల్లవాడు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఎప్పుడో ఒకసారి, క్షణాల్లో జరిగిపోయే అలాంటి ఘటన పది నిమిషాల అలారానికి దాదాపు ఎన్నడూ చిక్కదు. కుక్క సగటున బద్ధకస్తురాలని మీ పట్టిక చెప్పినంత మాత్రాన దానివల్ల భయం లేదని కాదు. అరుదైన ప్రవర్తన కావాలంటే చూసినంతసేపూ ఆ ఒక్క పని జరిగిన ప్రతిసారీ రాసే పద్ధతి వేరే ఉంది. కుక్కలంటే పడనివాళ్లకూ, అవి ప్రాణమైనవాళ్లకూ మధ్య కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో జరిగే గొడవలో సగం, ఈ రెండు పద్ధతులనూ ఒకటిగా కలిపేయడం వల్లనే.

జాగ్రత్తల విషయంలో మొహమాటం వద్దు. మొదలుపెట్టే ముందే డాక్టర్‌ను అడిగి రేబిస్ టీకా వేయించుకోవాలి. తిండి పెట్టకూడదు. పెడితే అవి మీ కోసం ఎదురుచూడటం మొదలుపెడతాయి, డేటా చెడుతుంది. పిల్లలున్న తల్లి కుక్క దరిదాపులకు వెళ్లకూడదు. కరిస్తే సబ్బూ నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇటువైపు జనానికి తెలిసిన చోటు నల్లకుంట ఫీవర్ హాస్పిటల్. రాత్రి పరిశీలన కావాలంటే మేడ మీద నుంచే. హాస్టల్ అమ్మాయిలకు గేటు తొందరగా మూసేస్తారు కాబట్టి వార్డెన్ అనుమతితో డాబా దొరికితే అంతకంటే మంచి చోటు లేదు. కాలేజీ లెటర్ జేబులో ఉండాలి. ప్యాడ్ పట్టుకుని వీధిలో నిలబడితే ‘ఏం రాస్తున్నవ్ బిడ్డా, కుక్కలను పట్టుకపోనీకి వచ్చినవా?’ అని అడిగే పెద్దమ్మ ఒకరు తప్పకుండా ఉంటారు. ఆమెకు ఓపికగా చెప్పండి. ఆ వీధి కుక్కల చుట్టరికాలన్నీ ఆమె నోట్లోనే ఉంటాయి.

అసలు లెక్క మొదలయ్యే ముందు ఇద్దరు కలిసి ఒకే వీధిని ఒకే సమయంలో, ఒకరి షీటు ఒకరు చూడకుండా నింపాలి. వంద గడుల్లో తొంభై కలిశాయనుకోండి, సంబరపడకండి. కుక్కలు 85 శాతం పడుకునే ఉంటే, ఇద్దరూ కళ్లు మూసుకుని ‘పడుకుంది’, ‘పడుకోలేదు’ అని అదే పాళ్లలో టిక్ పెట్టినా 74, 75 గడులు కలుస్తాయి. ఆ కాకతాళీయాన్ని తీసేసి చూపే కొలత కోహెన్ కప్పా, ఇక్కడ అది 0.61 దగ్గర ఆగుతుంది. నిర్వచనాల్లో ఎక్కడో మసక ఉందన్నమాట. ఏ గడి దగ్గర తేడా వచ్చిందో చూసి, ఎథోగ్రామ్ సరిచేసి, మళ్లీ మొదటి నుంచి చేయాలి. చాలామంది ఈ మెట్టు ఎగ్గొడతారు. ఎగ్గొట్టిన రికార్డు బుక్కును నేనైతే నమ్మను.

సమాచారం చేతికొచ్చాక ఎక్సెల్‌లో ఒక్కో స్కాన్‌కు ఒక్కో వరుస చొప్పున ఎక్కించాలి. వీడియో తీసి ఉంటే బోరిస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గుర్తించుకోవచ్చు. ఐదు కుక్కల మీద ఆరు వందల స్కాన్లు ఉంటే మీ నమూనా ఆరు వందలు కాదు, ఐదే. అదే కుక్కను వందసార్లు చూస్తే అది వంద కుక్కలు కాదు. 1984లో హర్ల్‌బర్ట్ ఈ పొరపాటుకు పేరు పెట్టినా జనం ఇంకా చేస్తూనే ఉన్నారు. ఒక్కో కుక్కకు ఒక్కో శాతం లెక్కగట్టి, ఆ శాతాలనే రెండు వీధుల మధ్య పోల్చాలి.

కుక్కలు వద్దనుకునేవాళ్లకు ఎల్‌బీనగర్ అవతల ఆటోనగర్ దగ్గర, విజయవాడ హైవే పక్కనే మహావీర్ హరిణ వనస్థలి ఉంది. 1,459 హెక్టార్ల జాతీయ పార్కు అది, కృష్ణజింకలకు పెట్టింది పేరు. మందలో జింకలు ఎన్ని ఉన్నాయి, మేస్తున్న ఒక్కో జింక నిమిషానికి ఎన్నిసార్లు తల ఎత్తుతోంది అన్నవి రెండూ లెక్కబెడితే చక్కటి ప్రాజెక్టు. మంద పెద్దదయ్యే కొద్దీ ఒక్కోదాని కాపలా తగ్గుతుందని సిద్ధాంతం. టికెట్ కొని చూసి రావడం వేరు, పద్ధతి ప్రకారం పరిశోధన చేయడం వేరు. రెండోదానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి, అందుకు సెమిస్టర్ మొదట్లోనే కాలేజీ ద్వారా దరఖాస్తు పెట్టాలి.

వైవాలో ఎక్స్‌టర్నల్ ‘కుక్కలు ఎందుకలా చేస్తున్నాయి?’ అని అడగడం ఖాయం. ఆ ‘ఎందుకు’ లోపల నాలుగు ప్రశ్నలున్నాయని టిన్‌బెర్గెన్ 1963లోనే విడదీశాడు: లోపలి యంత్రాంగం ఏమిటి, పుట్టినప్పటి నుంచి ఎలా పెంపొందింది, బతుకులో ఏం ప్రయోజనం, పరిణామంలో ఎక్కడి నుంచి వచ్చింది. రెండు వీధుల స్కాన్ డేటా వీటిలో ఏ ఒక్కదానికీ పూర్తిగా జవాబివ్వదు, ప్రయోజనం వైపు ఒక చిన్న సూచన ఇస్తుందంతే. ఆ ముక్క అలాగే చెప్పండి.

ఇది నచ్చితే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో యానిమల్ బయాలజీ ఎమ్మెస్సీ ఉంది. బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో వైల్డ్‌లైఫ్ ఎమ్మెస్సీ ఉంది. డిగ్రీలో ఉండగానే సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయవచ్చు. అందులో మీకు నచ్చిన అంశం గురించి రాసేటప్పుడు చిన్నప్పటి నుంచి జంతువులంటే ఇష్టమన్న వాక్యం కొట్టేసి, ఆ స్థానంలో మీ ఎథోగ్రామ్‌నూ కప్పా విలువనూ పెట్టండి.