కబైలీ స్త్రీల కథాగానం: గడప నుంచి గ్రంథం దాకా

అల్జీరియా ఉత్తర భాగంలో, జుర్జురా కొండల్లో కబైలీలనే ప్రజలున్నారు. వీరిది బెర్బెర్ కుటుంబానికి చెందిన భాష. శతాబ్దాల పాటు వీరి సాహిత్యం చాలావరకు నోటి మీదే నడిచింది. అందులో కథ చెప్పడం ముఖ్యంగా ఆడవాళ్ళ సొత్తు. చలికాలపు రాత్రులు పొయ్యి చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టుకుని అవ్వ కథ చెప్పేది. పగటిపూట చెబితే కీడని నమ్మకం. రాసి వుంచనిది సాహిత్యమే కాదని మనలో కొందరికి ఒక అభిప్రాయం వుంది. అది ఎంతవరకు నిలుస్తుందో ఒక్క కథ ఆధారంగా పరిశీలించదలచాను.

అడవిలో ఒక ముసలి తాత గుడిసె వేసుకుని ఒంటరిగా వుంటాడు. మనవరాలు రోజూ తిండి తెచ్చి తలుపు దగ్గర పిలుస్తుంది. "నీ గాజులు గలగలలాడించు తల్లీ" అంటాడు తాత. ఆ చప్పుడూ, ఆ గొంతూ గుర్తుపట్టాకనే గడియ తీస్తాడు. ఇది కనిపెట్టిన రాక్షసుడు ఒకరోజు వచ్చి పిల్లలాగా పిలుస్తాడు. మోటు గొంతు పట్టిచ్చేస్తుంది. వాడు వూరుకోక, గొంతు నున్నగా చేసుకుని మళ్ళీ వస్తాడు. ఈసారి తాత మోసపోయి ప్రాణం పోగొట్టుకుంటాడు. అసలు గొంతేదో, అరువు గొంతేదో తెలుసుకోవడమే ప్రాణరక్షణ అన్నది ఇందులోని సారమని నేననుకుంటాను.

ఈ కథను అచ్చులోకి తెచ్చినవారిలో తావుస్ అమ్రూష్ (1913-1976) ముఖ్యురాలు. ఆమె తల్లి ఫద్మా (1882-1967) వితంతువైన తల్లికి వివాహేతరంగా పుట్టి, వూరివాళ్ళ నిందలు పడి పెరిగిన మనిషి. పరాయి గడ్డ అయిన ట్యునిస్‌లో కాపురముంటూ, తన పాటల్ని, కథల్ని పిల్లలకు అప్పగించింది. 1946లో ఆమె రాసుకున్న ఆత్మకథ, ఆమె పోయాక 1968లో వెలువడింది. కొడుకు జాన్ 1939లో ఆ పాటల్ని ఫ్రెంచిలోకి తెచ్చాడు. కూతురు తావుస్ 1947లో నవల ప్రచురించింది. ఫ్రెంచిలో నవల రాసిన తొలి అల్జీరియా స్త్రీలలో ఆమె ఒకరు. తర్వాత 1966లో 'మంత్రపు గింజ' అనే అర్థం వచ్చే పేరుతో కథలు, పాటలు, సామెతలు సంపుటిగా వేసింది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఫ్రెంచిలో అచ్చయిన కథ అసలు గొంతా, అరువు గొంతా? తావుస్ చేసిన పనిలోనే దీనికి జవాబుంది. ఆమె కథలు ఫ్రెంచిలో రాసింది గానీ, పాటలు మాత్రం తల్లి నేర్పిన కబైలీలోనే వేదికలెక్కి పాడింది. తల్లి క్రైస్తవ నామమైన మార్గరీత్‌ను తన పేరుకు ముందు చేర్చుకుంది. ఎవరి దగ్గర తీసుకున్నదీ దాచలేదు.

1973లో ఇదిర్ అనే భూగర్భశాస్త్ర విద్యార్థి ఇదే కథను 'అ వవా ఇనూవా' అన్న పాటగా రేడియోలో వినిపించాడు. మాటలు బెన్ మొహమ్మద్ రాశాడు. తలుపు దగ్గర కూతురు, లోపల తండ్రి, గాజుల చప్పుడు, అన్నీ అందులో వున్నాయి. ఆ పాట కబైలీ రానివాళ్ళకు కూడా చేరింది. 1970ల చివర పారిస్‌లో జూరా తన చెల్లెళ్ళతో కలిసి 'జుర్జురా' బృందం కట్టి, ఆడవాళ్ళ కష్టాలు నేరుగా పాడింది.

ఇదంతా కాలక్షేపమే అయితే ప్రభుత్వం ఎందుకు భయపడాలి? 1969లో అల్జీర్స్‌లో జరిగిన ఆఫ్రికా ఉత్సవంలో తావుస్‌ను పాడనివ్వలేదు. ఆమె అక్కడి విద్యార్థుల ముందు పాడింది. 1980 మార్చిలో ప్రాచీన కబైలీ కవిత్వం మీద ములూద్ మమ్మెరీ చెయ్యాల్సిన ఉపన్యాసాన్ని నిషేధిస్తే, తిజీ వూజూ విద్యార్థులు తిరగబడ్డారు. బెర్బెర్ భాషకు 2002లో జాతీయ హోదా, 2016లో అధికార హోదా వచ్చాయి. అవ్వలు పొయ్యి దగ్గర కాపాడినదాన్ని రాజ్యాంగం గుర్తించడానికి ఇంతకాలం పట్టింది.

కాబట్టి మిత్రులారా, ఏ జానపద కథనైనా చదివేటప్పుడు సంపాదకుడి పేరుతో ఆగకండి. దాన్ని చెప్పిన ఆడమనిషి ఎవరో కూడా అడగండి. ఆమె పేరు దొరికితే, ముందు ఆ పేరు రాయండి.